గల్లాపెట్టెలో లేని క్యాష్: అమీర్‌పేటలో ఒక మరమ్మతు గది

మాది సికింద్రాబాద్ జనరల్ బజారులో వెండి సామాను దుకాణం. కుందులు, కుంకుమ భరిణెలు, ఉగ్గుగిన్నెలు, పట్టీలు, మెట్టెలు. మామగారు గల్లా దగ్గర కూర్చుంటారు, మా వారు సరుకు కోసం తిరుగుతారు, తూకం వేసి ధర కట్టేది నేను. నాలుగేళ్లుగా వెబ్‌సైటు కూడా నడుపుతున్నాం. దానికి ఈ ఆషాఢంలో ఒక జబ్బు పట్టుకుంది, శ్రావణంలో నయమైంది. నయం చేసిన పెద్దమనిషి గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. తన పేరూ నంబరూ రాయవద్దని ఆయనే అన్నారు, చేతిలో ఉన్న పనే తెమలడం లేదట. గుర్తులు మాత్రం చెబుతాను, కావలసినవాళ్లు వెతుక్కోండి.

ముందు జబ్బు సంగతి. లష్కర్ బోనాలు ముగిసిన వారంలో అల్వాల్ నుంచి ఒకావిడ వచ్చి జత కుందులు చూశారు. 340 గ్రాములు. నేను ధర కట్టి చెప్పగానే ఫోను తీసి నా ముందు పెట్టారు. "మీ సైటులో ఇంకోలా ఉంది కదమ్మా?" అన్నారు. నిజమే, ఆవిడ ఫోనులో ముందురోజు రేటు ఉంది. ఆ ఉదయం వెండి గ్రాముకు 3 రూపాయలు పెరిగింది, పదిన్నరకే సైటులో మార్చాను. నా ఫోను తీసి చూస్తే కొత్త రేటే కనబడుతోంది. రెండు ఫోన్లూ అద్దాల బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఒకే దుకాణం, ఒకే సైటు, అవే కుందులు, ధరలు రెండు. 340ని 3తో గుణిస్తే 1,020, దానిమీద 3 శాతం జీఎస్టీ కలిపితే 1,050 రూపాయల 60 పైసలు. రాసి చూపించిన ధరకే ఇవ్వాలన్నారు మామగారు. ఇచ్చాం. మర్నాడు అలాంటి బేరాలే మరో రెండు తగిలాయి.

సైటు కట్టిచ్చిన సంస్థకు ఫోను చేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అవతలి అబ్బాయి ఆవులిస్తూ, "క్యాష్ సమస్య మేడమ్, రిఫ్రెష్ చేసుకోమనండి" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. మామగారు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, "క్యాష్‌లో సమస్య ఏమిటి? రాత్రి నేనే లెక్కపెట్టాను, పైసాతో సహా సరిపోయింది" అన్నారు. ఇంగ్లీషులో ఈ రెండు మాటలకూ అక్షరాలు వేరట. తెలుగులో రాస్తే మాత్రం డబ్బూ క్యాషే, దాచిపెట్టిన నకలూ క్యాషే. మా ఇంట్లో అప్పటినుంచి మొదటిదాన్ని గల్లా అనీ, రెండోదాన్ని నకలు అనీ పిలుస్తున్నాం. ఇక్కడా అలాగే రాస్తాను.

నకలు అంటే పెద్ద విషయమేమీ కాదు. మా సైటులో ఏ వస్తువు పేజీ తెరిచినా, సర్వరు, అంటే సైటును నడిపే కంప్యూటరు, అప్పటికప్పుడు బరువు, ఆనాటి రేటు, తరుగు, మజూరీ అన్నీ లెక్క కట్టి పేజీ తయారుచేస్తుంది. వందమంది అడిగితే వందసార్లు కట్టాలి. అందుకని ఒకసారి కట్టిన పేజీని ఎక్కడో ఒకచోట దాచి, తర్వాత అడిగినవాళ్లకు అదే ఇచ్చేస్తారు. పని తగ్గుతుంది, పేజీ చటుక్కున తెరుచుకుంటుంది. దాచినది పాతబడిందని దాచినవాడికి ఎవరు చెప్పాలన్నదే చిక్కు. మాకు ఎవరూ చెప్పలేదు. వేసవిలో అదే సంస్థ నెలకు 1,200 రూపాయలు అదనంగా తీసుకుని వేగం పెంచే ప్యాకేజీ ఒకటి తగిలించింది. సైటు నిజంగానే పరుగెత్తింది. పక్క దుకాణం వాళ్లకు చూపించి గొప్పలు కూడా పోయాను. ఆ పరుగు పాత నకళ్ల పరుగని తెలియదు.

కొనేవాళ్లందరికీ రిఫ్రెష్ చేయమని చెప్పడం కుదిరే పనేనా? పైగా రిఫ్రెష్ చేసినా అల్వాల్ ఆవిడ ఫోనులో రేటు మారలేదు. నాకు కోపం వచ్చి ఆ నకళ్లన్నీ ఆపేయమన్నాను. ఆపేశారు. సరిగ్గా శ్రావణ శుక్రవారం ముందు రాత్రి. వరలక్ష్మీ రూపుల కోసం జనం ఎగబడ్డారు, ఎనిమిది దాటేసరికి సర్వరు కూలబడింది, పదకొండు వరకు ఒక్క పేజీ తెరుచుకోలేదు. లబోదిబోమని మళ్లీ పెట్టించాను. ఆ పెట్టడంలో ఎవరు ఏ మీట నొక్కారో, మర్నాడు హనుమకొండ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. "ఆంటీ, నా ఖాతా తెరిస్తే వేరేవాళ్ల పేరు వస్తోంది. మల్కాజిగిరి చిరునామా, ఫోను నంబరు కూడా ఉన్నాయి" అంది. నాకు చేతులు చల్లబడ్డాయి. రేటు తేడా వస్తే వెయ్యి రూపాయలతో పోతుంది. ఒకరింటి చిరునామా ఇంకొకరికి చూపించడం, అదీ వెండి కొన్నవాళ్ల ఇంటి చిరునామా, ఏమిచ్చినా తీరేది కాదు.

పార్క్‌లేన్‌లో మా కంప్యూటరు బాగుచేసే అబ్బాయికి ఈ గోడు వెళ్లబోసుకుంటే ఒక నంబరు ఇచ్చాడు. ఫోనులో పలికినాయన గొంతు బడిపంతులు గొంతులా ఉంది. నేను చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "అమ్మా, ఖాతా పేజీలకు నకలు తీయడం ఈ నిమిషమే ఆపించండి. తప్పుగా కనబడ్డ పేజీని ఆ అమ్మాయి చేత ఫోటో తీయించి, టైము రాయించి పంపమనండి. ఆ తర్వాత ఆ పేజీల నకళ్లు తుడిపించండి. రేట్ల పేజీలను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, నేను చూసేదాకా అలాగే ఉండాలి" అన్నారు. అవెందుకు ఉంచాలని అడిగాను. "తుడిచేస్తే జబ్బు తాత్కాలికంగా పోతుంది, కారణం శాశ్వతంగా పోతుంది" అన్నారు. ఈ మాటకే ఆయనకు సగం మార్కులు వేశాను. అప్పటిదాకా నాకు దొరికిన వాళ్లంతా ముందు తుడిచి తర్వాత ఆలోచించేవాళ్లే.

మర్నాడు పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆకాశం కనబడని చోట, పాత భవనం మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్ల మీద ప్రతి మలుపులోనూ ఏదో ఒక కోర్సు కరపత్రం చేతిలో పెట్టారు. పైకి వెళ్లేసరికి నా దగ్గర నాలుగు పోగయ్యాయి. గది చిన్నది. రెండు బల్లలు, మూడు పాత ఫోన్లు, గోడకు ఒక తెల్లబోర్డు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. సాయంగా ఒక అమ్మాయి. బల్ల మీద స్పైరల్ బైండు చేసిన లావుపాటి పుస్తకం, అంతా పసుపు గీతలే. నకళ్ల గురించి ఇంటర్నెట్ వాళ్లు రాసుకున్న నిబంధనలట, ఆర్‌ఎఫ్‌సీ 9111, 2022 జూన్‌లో వచ్చింది. మా మామగారు పంచాంగం పెట్టుకున్నట్టు ఆయన దాన్ని చేతి కిందే పెట్టుకున్నారు.

కంప్యూటరు ముట్టుకోకుండా అరగంట ప్రశ్నలే అడిగారు. ఎవరికి పాత రేటు కనబడింది, ఏ ఊళ్లో, వైఫైలోనా సిమ్ములోనా, ఎన్ని గంటలకు, లాగిన్ అయి చూశారా కాకుండానా. నేను ఎప్పుడూ లాగిన్ అయ్యే చూస్తానని చెప్పగానే అమ్మాయి వైపు చూసి నవ్వారు. యజమాని లాగిన్ అయి వస్తే నకళ్లన్నీ పక్కకు తప్పుకుని దారి ఇస్తాయట. అసలు పేజీ నాకొక్కదానికే కనబడుతుంది, ఊరందరికీ నకలు. నాలుగు నెలలుగా నా సైటును కొనేవాళ్ల కళ్లతో నేను చూడనే లేదన్నమాట. అక్కడే నా ఫోనులో ప్రైవేటు కిటికీ (ఇన్‌కాగ్నిటో అంటారు) తెరిపించి, లాగిన్ లేకుండా చూడమన్నారు. నిన్నటి రేటు. అంత దూరం మెట్రోలో వెళ్లి నా దుకాణం అబద్ధాన్ని నా కళ్లతో నేను చూసుకున్నాను.

తర్వాత ఆయన చేసిన పని చూడముచ్చటగా ఉంది. సైటులో ఎవరికీ తెలియని మూలన ఒక చిన్న పేజీ పెట్టించారు. అందులో రెండే పంక్తులు. మొదటిది సర్వరు గడియారం, సెకన్లతో సహా. రెండోది ఆనాటి వెండి రేటు. మూడు పాత ఫోన్లలోనూ, ఒక్కోటి ఒక్కో కంపెనీ సిమ్ముతో, ఆ పేజీ తెరిచారు. మూడింట్లోనూ గడియారం ఆగిపోయి ఉంది. మళ్లీ మళ్లీ తెరిచినా అదే సెకను. "పేజీ మీ సర్వరు దాకా వెళ్లడం లేదు, మధ్యలో ఎవరో సమాధానం చెబుతున్నారు" అన్నారు. ఇప్పుడు చిరునామా చివర ఒక ప్రశ్నార్థకం, దాని తర్వాత నోటికొచ్చిన అంకె ఒకటి కొట్టారు. మధ్యవాడికి అది ముందెన్నడూ చూడని చిరునామా కాబట్టి నకలు ఉండదు, సర్వరును అడగక తప్పదు. గడియారం కదిలింది. నేను సంతోషించబోయాను. ఆయన వేలితో రెండో పంక్తి చూపించారు. రేటు పాతదే.

"గడియారం నడుస్తోంది, రేటు నిలబడింది. అంటే దొంగలు ఇద్దరు" అన్నారు. ఆ అమ్మాయి లేచి తెల్లబోర్డు మీద రెండు గళ్లు గీసింది.

మొదటి దొంగ మధ్యవాడు. సీడీఎన్ అంటారట. ఊరూరా సర్వర్లు పెట్టుకుని, మన పేజీల నకళ్లు దగ్గర పెట్టుకుని పంచుతాడు. పేజీతో పాటు కంటికి కనబడని చీటీలు కొన్ని వస్తాయి, వాటిని హెడర్లు అంటారు. మా కుందుల పేజీని తీసి వాటిని తెర మీద పరిచారు. ఏజ్ అనే చీటీలో 41,000 అని ఉంది. ఆ నకలు వయసు, సెకన్లలో. నేను గుణకారాలు తేలిగ్గా చేస్తాను: 11 గంటల 23 నిమిషాల 20 సెకన్లు. అప్పుడు టైము ఉదయం 11 గంటల 10 నిమిషాలు. అంటే ముందురోజు రాత్రి 11:46కు తీసిన నకలు. నేను పదిన్నరకు రేటు మారిస్తే దానికెలా తెలుస్తుంది? ప్యాకేజీ తగిలించినవాళ్లు ప్రతి పేజీనీ 86,400 సెకన్లు, అంటే రోజంతా, దాచమని మధ్యవాడికి చెప్పి ఉంచారు.

ఇక్కడ నన్ను బాగా నవ్వించిన సంగతి ఒకటి ఉంది. మధ్యవాణ్ణి తప్పించి మా సర్వరునే నేరుగా అడిగితే వచ్చిన చీటీల్లో, నో-స్టోర్, నో-క్యాష్ అని రెండు ఆజ్ఞలు, పక్కన ఎక్స్‌పైర్స్ అని ఒక తేదీ: 1981 నవంబరు 19, గురువారం, ఉదయం 8 గంటల 52 నిమిషాలు. అప్పటికి నాకు రెండేళ్లు. ఈ పేజీ 1981లోనే పాచిపోయింది, దాచుకోకండి అని చెప్పడమట. పీహెచ్‌పీ అనే భాషలో రాసిన సైట్లలో లాగిన్ లెక్కలు మొదలుకాగానే ఆ తేదీ తనంతట తానే వెళుతుందట, ప్రపంచమంతటా అదే తేదీ. అంటే మా సర్వరు పాపం దాచవద్దు దాచవద్దు అని నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉంది. మధ్యవాడికి మాత్రం సర్వరు మాట వినవద్దని, అన్నీ దాచమని పైనుంచి ఉత్తరువు. హనుమకొండ అమ్మాయికి మల్కాజిగిరి చిరునామా చేరిందీ ఇలాగే. ముందుగా ఖాతా తెరిచిన వాళ్ల పేజీకి నకలు తీసి పెట్టుకున్నాడు, తర్వాత ఎవరు ఖాతా అడిగినా అదే తీసి ఇచ్చాడు.

నా ముఖం చూసి ఆయన ఒక ఉదాహరణ చెప్పారు. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ అనే పెద్ద కంప్యూటరు ఆటల ఆన్‌లైన్ దుకాణంలో అచ్చం ఇదే జరిగిందట. దాడి తట్టుకోవడానికి నకళ్ల అమరిక హడావిడిగా మార్చబోయి, ఒకరి పేజీలు మరొకరికి చూపించేశారు. దాదాపు 34,000 మంది వివరాలు అలా బయటపడి ఉండవచ్చని తర్వాత ఆ కంపెనీయే ప్రకటించింది. "వాళ్లూ మీలాగే, రద్దీ రోజున కంగారులో మీట నొక్కారు" అన్నారు. ఓదార్పో చురకో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో దొంగ మా ఇంట్లోనే దొరికాడు. రేటును ప్రతిసారీ డేటాబేసులోకి వెళ్లి వెతకడం ఎందుకని, సర్వరు దాన్ని ఒక ఫైలులో గంటసేపు దాచుకుంటుంది. తెర మీద రేటు మార్చి సేవ్ నొక్కితే ఆ ఫైలు చెరిగిపోయి కొత్తది పుడుతుంది. బాగానే ఉంది. కానీ నేను సేవ్ నొక్కనే నొక్కను. వెండి, తరుగు, మజూరీ అన్నీ ఒకేసారి మారాలని రోజూ ఎక్సెల్ ఫైలు ఎక్కిస్తాను. అది నేరుగా డేటాబేసులోకి దిగుతుంది, నకలు ఫైలుకు ఆ కబురు అందదు. ఇంటి యజమాని పెరటి గుమ్మంలోంచి వస్తే వీధి గుమ్మంలో కూర్చున్న వాచ్‌మన్‌కు ఏం తెలుస్తుంది? తప్పు నాది కాదని ఆయన అన్నారు గాని, ఆ పెరటి గుమ్మం అడిగి పెట్టించుకున్నది నేనే.

అన్నీ ఆపేయండి, నిదానంగా తెరుచుకున్నా ఫరవాలేదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. శ్రావణ శుక్రవారం ముందు రాత్రి ఏమైందో నా నోటితోనే మళ్లీ చెప్పించారు. తర్వాత తెల్లబోర్డు మీద మా పేజీలన్నిటినీ రాయించి, ఒక్కోదానికీ రెండే ప్రశ్నలు వేశారు: ఇది ఎవరిది, ఎప్పుడు మారుతుంది? ఖాతా, బుట్ట, చెల్లింపు పేజీలు ఒక్కరివే. వాటికి ప్రైవేట్, నో-స్టోర్ అని రాశారు, మధ్యవాడు వాటి జోలికే పోకుండా దారి మళ్లించారు. ఫోటోలు అందరివీ, మారవు. అవి ఏడాది పాటు దాచుకోవచ్చు, ఫోటో మార్చిన రోజు ఫైలు పేరే మారిపోయేలా చేశారు. అంతకుముందు ఫోటోలకు గడువే రాసి లేదు. గడువు చెప్పకపోతే దాచుకోరనుకున్నాను. అలా కాదట. మౌనం అర్ధాంగీకారం. ఎంతకాలంగా మారలేదో చూసి అందులో పదో వంతు కాలం దాచుకోవడం బ్రౌజర్లకు మామూలట. వంద రోజులుగా మారని ఫోటో అయితే ఇంకో పది రోజులు. కామాక్షి దీపం ఫోటో మార్చినా మామగారి ఫోనులో పాతదే వేలాడిన రహస్యం అది.

వస్తువుల పేజీలు అందరివీ, కానీ రేటుతో మారతాయి. వీటి దగ్గరే ఆయన ఎక్కువసేపు ఆలోచించారు. చివరికి పేజీని రెండుగా విడదీశారు. వర్ణన, బరువు, ఫోటో ఒక ముక్క, అది నకలుగా ఉండవచ్చు. ధర ఇంకో చిన్న ముక్క, పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వరు నుంచి తాజాగా వచ్చి గడిలో కూర్చుంటుంది. దానికి నకలు లేదు. నేను ఎక్సెల్ ఎక్కించగానే ఆ రేటు ఫైలును చెరిపే ఆదేశం కూడా ఒకటి సైటులో రాయించారు. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు కట్టే ముందు ధరను సర్వరు మళ్లీ లెక్క కడుతుంది, తేడా ఉంటే కొనేవాళ్లకు చెప్పి ఒప్పుకోమంటుంది. వెనక్కి మీట నొక్కినప్పుడు ఫోను ఎవరినీ అడగకుండా తన జ్ఞాపకంలోంచి పాత పేజీ చూపిస్తుందట, దాన్ని పూర్తిగా ఆపలేమన్నారు. చెల్లింపు దగ్గర గట్టి కాపలా ఉంటే అదేమీ చేయలేదు.

మధ్యలో నేను ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను. నో-క్యాష్ అన్నా నో-స్టోర్ అన్నా ఒకటే కదా, రెండెందుకు? ఆయన ఆ లావు పుస్తకం తీశారు. నో-స్టోర్ అంటే దాచనే దాచవద్దు. నో-క్యాష్ అంటే, పేరు చూసి మోసపోవద్దు, దాచుకో, ఇచ్చే ముందు మాత్రం ఒకసారి నన్ను అడుగు అని. మా గుమాస్తా చేసేది అదే. రేటు చీటీ జేబులో ఉంటుంది, అయినా గిరాకీకి చెప్పే ముందు గల్లా వైపు తిరిగి "మారలేదు కదా?" అంటాడు. మామగారు తల ఊపుతారు. బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే భాష హెచ్‌టీటీపీలో ఆ తల ఊపుకే 304 అని నంబరు ఉందట. ఇంటికి వచ్చి చెబితే మామగారికి అది తెగ నచ్చింది. ఇప్పుడు గుమాస్తా అడిగితే తల ఊపరు, "మూడు వందల నాలుగు" అంటారు. గిరాకీలు అది ధర అనుకుని తికమకపడుతున్నారు.

పని రెండు రోజుల్లో అయిపోయింది, తాళాలు చేతికి రావడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. సీడీఎన్ ఖాతా మా పేరు మీద లేదు, సైటు కట్టినవాళ్ల పేరు మీద ఉంది. మీకూ సైటు ఉంటే ఈ పూటే చూసుకోండి, ఖాతాలు ఎవరి పేరున ఉన్నాయో. మల్కాజిగిరి వాళ్లకు నేనే ఫోను చేసి జరిగినది చెప్పి క్షమాపణ అడిగాను. అలా చేయమన్నది కూడా ఈయనే. ఆవిడ పది నిమిషాలు తిట్టారు, న్యాయమే.

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు పదిన్నరకు రేటు ఎక్కించి, గుమాస్తా ఫోను లాక్కుని చూశాను. కొత్త రేటు. అల్వాల్ ఆవిడకు కూడా ఫోను చేసి చూడమన్నాను, మొహమాటం ఏముంది. కొత్త రేటే. రాత్రి రద్దీలో సర్వరు కూలబడలేదు. పేజీలో బొమ్మ వచ్చాక ధర ఒక్క రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది, దాన్ని చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఆ తర్వాత వారం ఇంకో తగాదా. ఒక పెద్దాయన వాట్సాప్ చూపించి పాత ధరకు ఇవ్వమన్నారు. చూస్తే ఉగాదికి మా ఆడపడుచు పంపిన లింకు, కింద చిన్న బొమ్మ, దానికింద అప్పటి ధర. లింకు పంపినప్పుడే ఆ ముక్క తయారై సందేశంలో అతుక్కుపోతుంది, దాన్ని ఇక ఏ సర్వరూ మార్చలేదు. అమీర్‌పేట ఆయనకు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా, ఆ ముక్కలోకి వెళ్లే వర్ణనలోంచి ధర తీసేయించారు. బరువు మాత్రమే ఉంచారు. బరువు పాతబడదు కదా.

ఇక నా ఫిర్యాదులు. 9,000 రూపాయలు తీసుకున్నారు, 18 శాతం జీఎస్టీతో 10,620. పనికి తగినదే, కానీ ముందు చెప్పలేదు. బిల్లు రెండుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు, వ్యాపారస్థురాలికి బిల్లు లేకుండా ఎలా? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు ఫోను ఎత్తరు. ఒక ప్రశ్న అడిగితే మూడు ప్రశ్నలకు జవాబు చెబుతారు, మూడోది మనకు అక్కరలేనిది. వినే ఓపిక లేనివాళ్లకు ఆయన పనికిరారు. ఆ అమ్మాయి మాత్రం రెండు మాటల్లో తేల్చేస్తుంది, వీలైతే ఆవిడను పట్టుకోండి. పని ముగిశాక ఆమె ఒక అట్టముక్క మీద మాకు నాలుగు పంక్తులు రాసి ఇచ్చింది: లాగిన్ లేకుండా ప్రైవేటు కిటికీలో చూడు, గడియారం పేజీ చూడు, ప్రశ్నార్థకం పెట్టి చూడు, ఇంకో సిమ్ములో చూడు. దాన్ని గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించాం. రోజూ రేటు ఎక్కించాక చూసే పని ఇప్పుడు మామగారిది.

దారి: మైత్రీవనం వెనక సందు, కింద జిరాక్స్ దుకాణం ఉన్న భవనం, మూడో అంతస్తులో మెట్లకు కుడివైపు మూసి ఉన్నట్టు కనబడే తలుపు. బోర్డు లేదు, తట్టాలి. ఎవరికి, ఎప్పుడు, ఏ ఫోనులో పాత పేజీ కనబడిందో రాసుకుని వెళ్లండి. వెళ్లే ముందు మాత్రం ఏదీ తుడవకండి. నా ముందు వరుసలో ఉన్న చీరల దుకాణం ఆయన అంతా శుభ్రంగా తుడిచి వచ్చాడు. మళ్లీ జబ్బు చేశాక రమ్మని మెట్ల మీద నుంచే పంపేశారు.